ఆగినప్పుడు చెప్పండి

కళ్లు మూసుకోమంటాను.
మూసుకుంటాడు ఘని మియా,
వాన వెలిసిన అఫ్జల్‌గంజ్ పెద్ద దవాఖానలో
పెచ్చులూడే పదో నంబరు గదిలో
ఎవరో నిద్రపొమ్మన్నంత బుద్ధిగా.

దూది కొస మెలితిప్పి
మోకాలి కింద ఆనిస్తాను.
"తెలిసినప్పుడల్లా ఆఁ అనండి."
ఆఁ.
ఇంకొంచెం కిందికి. ఆఁ.
చీలమండ దగ్గర కాసేపు ఆలోచన.
ఆ కింద పాదమంతా చప్పుడు లేదు.

ఒకసారి అసలు తాకలేదు,
చెయ్యి గాల్లోనే ఆపాను.
"ఆఁ" అన్నాడు.
మళ్లీ తాకలేదు. మళ్లీ ఆఁ.
కేసు షీటు మూలన "నమ్మదగ్గట్టు లేదు" అని
రాయబోయి ఆగాను.
నలభై ఏళ్లు బేరానికొచ్చిన వాళ్లెవర్నీ
ఒట్టిచేతుల్తో పంపని మనిషి,
నన్ను మాత్రం ఎట్లా పంపుతాడు?

"ఎట్లుంటది మియా? మంటా, పోటా, తిమ్మిరా?"
మా కాగితంలో ఉన్నవి మూడు గళ్లే.
"మంటంటే మంట గాదమ్మా.
బొగ్గుల మీద బూడిద కప్పినంక
లోపల ఉంటది చూడు, అది.
పగలు చీమలు పాకుతయి.
రాత్రయితే అవే చీమలు బూట్లేసుకుంటయి.
నడిస్తే, భూమికీ నాకూ నడుమ
ఎవరో రుమాలు పరిచినట్టు.
మొన్న ముర్గీచౌక్‌ల ఎడమకాలి చెప్పు జారిపోయింది,
నాకు తెల్వనే తెల్వదు.
ఇంటికి పోయినంక మా బీబీ అడిగింది, ఇంకోటేదీ అని."

రాసుకున్నాను: చెప్పు, ఎడమ.

"వుజూకి మొఖం మీద నీళ్లు కొట్టుకుంటే
కండ్లు మూతబడతయి గద, అప్పుడే తూలుత.
అల్లా ముందు నిలబడాలంటే
ముందుగాల నల్లాను పట్టుకోవాల్సొస్తుంది."

బొటనవేలు పట్టి పైకి లేపాను.
పైకా, కిందికా?
"కిందికి."
దించాను. "కిందికి."
మళ్లీ లేపాను. "మీరే చెప్పాలె డాక్టరమ్మా."

ఫ్లాస్కులోని వేడినీళ్లు ఒక గాజుగొట్టంలో,
కూజా నీళ్లు ఇంకో దాంట్లో.
చూపుడు వేలికి తాకిస్తే
"రెండూ ఒకటే" అన్నాడు.
నేను చెప్పకుండానే కళ్లు తెరిచి
ఆ వేలికేసి చూశాడు,
అప్పు తీసుకుని మొహం చాటేసిన వాణ్ణి చూసినట్టు.

లాడ్‌బజార్ వెనక గల్లీలో
లక్క కాగిందో లేదో చెప్పింది అదే.
అది చాలంటేనే
కుంపటి మీంచి లక్క దిగేది.
ఇప్పుడు దాని కొసన మూడు బొబ్బలు.
ఎప్పుడు కాలింది?
"వాసనకు తెలిసింది బిడ్డా.
ఇది లక్క వాసన కాదని."

చివరికి శ్రుతిదండం.
అరచేతి మడమకు కొట్టి
కాలి బొటనవేలి ఎముక మీద నిలబెట్టాను.
"జుమ్మంటోందా? ఆగినప్పుడు చెప్పండి."
"ఆగింది."
వెంటనే తీసి
నా వేలి కణుపు మీద పెట్టుకున్నాను.

ఆగలేదు.
వరసలో ఎవరి పిల్లాడో ఏడుస్తున్నాడు,
ఫ్యాను కిర్రుమంటోంది,
ఎముక లోపల మాత్రం సన్నగా తుమ్మెద.
ఒకటి, రెండు, మూడు...
అతనికి ఆగిన చోటు నుంచి
నాకు ఆగేదాకా పదకొండు సెకన్లు.
మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుని
అంత దూరంలో ఉన్నాం ఇద్దరం.

మందులు రాశాను.
అరికాళ్లు రోజూ అద్దంలో చూసుకోమన్నాను.
కుంపటి దగ్గరికి ఆ వేలిని పంపొద్దన్నాను.
అన్నిటికీ ఆఁ అన్నాడు.

చీటీ అందుకుంటూ నా చేతుల్ని చూశాడు.
ఒకప్పుడైతే పిడికిలి ఒక్కసారి నొక్కి
కొలత చెప్పేవాడట.
నొక్కలేదు. కళ్లతోనే:
"దో-ఛే. కుడిది జర్ర ఎక్కువ.
రాసే చెయ్యి గదా."

సాయంత్రం షాలిబండ బస్సులో
నయాపూల్ కుదుపుకి
కోటు జేబులోని శ్రుతిదండం
కమ్మీకి తగిలి మోగింది.
తీసి కుడిచేతి కణుపుకి ఆనించుకున్నాను.
మూసీ దాటాం, మదీనా దాటాం.
అది ఎప్పుడో ఆగిపోయే ఉంటుంది.
నేను మాత్రం ఆగిందనలేదు.